లినక్స్ ల్యాప్‌టాప్‌లో ఎల్‌టీఈ మోడెమ్ కార్డు: స్లాట్ నుంచి సిగ్నల్ దాకా

బెంగళూరు ఎస్పీ రోడ్డులో సెకండ్‌హ్యాండ్ థింక్‌ప్యాడో లాటిట్యూడో కొన్నవాళ్లలో చాలామందికి దానికి సిమ్ పెట్టుకునే చోటు ఉందని ఇంటికొచ్చి తిప్పి చూసుకున్నాకే తెలుస్తుంది. కరెంటు పోయి రౌటర్ ఆరిపోయినప్పుడు, రాత్రి బస్సులో కర్నూలు వెళ్తున్నప్పుడు, ఫోన్ హాట్‌స్పాట్ బ్యాటరీ తినేస్తున్నప్పుడు ఆ స్లాటు బాగా పనికొస్తుంది. విండోస్‌లో ఎల్‌టీఈ, అంటే 4జీ మోడెమ్ కార్డు పెట్టగానే పనిచేస్తుంది. లినక్స్‌లో కూడా పనిచేస్తుంది కానీ, మధ్యలో మూడు నాలుగు చోట్ల ఆగుతుంది. ఆగిన చోట వచ్చే ఎర్రర్ చూస్తే అసలు కారణం తెలియదు. అందుకే కింద నుంచి పైకి వెళ్లాలి: కార్డు, యాంటెన్నా, కెర్నల్, రేడియో, సిమ్, ఆ తర్వాతే ఏపీఎన్, అంటే ఆపరేటర్ నెట్‌కి దారి చూపే పేరు. చాలామంది ఏపీఎన్ దగ్గర మొదలుపెట్టి అక్కడే సాయంత్రమంతా పోగొట్టుకుంటారు.

ఇది ఉబుంటు, డెబియన్, ఫెడోరాలకు రాసినది. చివర్లో ఓపెన్‌బీఎస్‌డీ అనే ఇంకో ఆపరేటింగ్ సిస్టమ్ గురించి కొంచెం ఉంది. కమాండ్లను పలికినట్టే తెలుగులో ఇచ్చాం. టెర్మినల్‌లో వాటిని ఇంగ్లీషు చిన్న అక్షరాల్లో కొట్టాలి; పెద్ద అక్షరం కావాల్సిన చోట విడిగా చెప్పాం.

ఏ కార్డు కొనాలి

సగం తలనొప్పి ఇక్కడే తప్పించుకోవచ్చు. పాత కార్పొరేట్ ల్యాప్‌టాప్‌ల నుంచి ఊడదీసిన కార్డుల్లో ఎక్కువగా కనబడేవి రెండు: సియెర్రా ఈఎం7455, ఫైబోకామ్ ఎల్850-జీఎల్. టీ470 తరం థింక్‌ప్యాడ్‌లలో మొదటిది, టీ480 తరంలో రెండోది ఎక్కువ. ఈఎం7455కే డెల్ పెట్టుకున్న పేరు డీడబ్ల్యూ5811ఈ.

లినక్స్ వైపు నుంచి చూస్తే ఈఎం7455 సుఖం. అది స్లాట్‌లోని యూఎస్‌బీ లైన్ల మీద మాట్లాడుతుంది, ఎంబిమ్ అనే ప్రామాణిక పద్ధతి వాడుతుంది, దానికి కావాల్సిన డ్రైవర్ కెర్నల్‌లో ఏళ్ల నుంచి ఉంది. ఎల్850-జీఎల్ లోపల ఉన్నది ఇంటెల్ ఎక్స్‌ఎంఎం7360 చిప్. థింక్‌ప్యాడ్‌లలో అది యూఎస్‌బీ బదులు పీసీఐఈ అనే ఇంకో లైన్ల పద్ధతిలో లేస్తుంది. కెర్నల్ 5.14లో వచ్చిన ఐఓఎస్‌ఎం డ్రైవర్ మొదట దాని తర్వాతి చిప్ 7560 కోసం రాసినది. 7360కి మద్దతు ఆ తర్వాత చేరింది. డ్రైవర్ పట్టుకున్నా డేటా నడిపించడానికి ఇంకా తిప్పలు పడాలి. చవకగా ఇస్తున్నారు కదా అని ఎల్850 కొనకండి. ల్యాప్‌టాప్‌తో పాటే వచ్చి ఉంటే అది వేరే సంగతి. మీ డిస్ట్రో కొత్తదైతే ఒకసారి ప్రయత్నించి చూడండి, పాతదైతే కార్డు మార్చడమే మేలు.

ఈఎం7455కి ఒక లోటుంది. అమ్మేవాళ్లు దాన్ని చెప్పరు, చాలామందికి తెలియదు కూడా. అందులో బ్యాండ్ 40 లేదు. మన దగ్గర జియో 4జీ నడిచేది బ్యాండ్ 3 అంటే 1800 మెగాహెర్ట్జ్, బ్యాండ్ 5 అంటే 850, బ్యాండ్ 40 అంటే 2300 మీద. ఎయిర్‌టెల్‌కి 1, 3, 8, 40. నగరాల్లో రద్దీని మోయడానికి రెండు కంపెనీలూ బ్యాండ్ 40 మీద ఆధారపడతాయి. ఈఎం7455 పెట్టుకుంటే 3 మీదో 5 మీదో నెట్ వస్తుంది, ఆగిపోదు. కానీ మారతహళ్లి లాంటి చోట సాయంత్రం ఏడింటికి అందరూ ఆ సన్నని దారిలోనే ఉంటారు. పక్కనున్న ఫోన్‌లో 40 ఎంబీపీఎస్ చూపిస్తూ ల్యాప్‌టాప్‌లో 4 వస్తుంటే లినక్స్‌ని తిట్టకండి, తేడా బ్యాండ్‌ది.

అదే కుటుంబంలో ఆసియా కోసం చేసిన ఈఎం7430 ఉంది. దాంట్లో 1, 3, 5, 8, 28, 40, 41 అన్నీ ఉన్నాయి. బీఎస్‌ఎన్‌ఎల్ 4జీ వాడే 28, అంటే 700 మెగాహెర్ట్జ్ కూడా అందులో ఉంది. లినక్స్‌లో రెండూ ఒకేలా ప్రవర్తిస్తాయి. దొరికితే ఇదే తీసుకోండి. కొనేటప్పుడు కార్డు మీది స్టిక్కర్ ఫోటో అడగండి. వెబ్‌సైట్‌లో 7430 అని రాసి 7455 పంపడం మామూలే.

బిగించే ముందు చూడాల్సినవి

ఎం.2 స్లాట్‌లలో మోడెమ్‌ది బీ-కీ, సైజు 3042, అంటే 30 మిల్లీమీటర్ల వెడల్పు, 42 పొడవు. వై-ఫై కార్డు స్లాటు వేరు, అందులో ఇది పట్టదు. కొన్ని మోడళ్లలో ఈ స్లాటులోనే చిన్న ఎస్‌ఎస్‌డీ పెట్టి అమ్ముతారు. అలా ఉంటే రెండిట్లో ఒకటే.

కొనే ముందే అడుగున మూత తీయించి రెండు సంగతులు చూడండి. స్లాటు దగ్గర యాంటెన్నా వైర్లు చివర్లకు టేపు చుట్టి ఉన్నాయా, లేదా. సిమ్ ట్రే లోపల లోహపు పిన్నులు కనబడుతున్నాయా, లేదా. మోడెమ్ లేకుండా వచ్చిన మోడళ్లలో స్లాటు ఉంటుంది కానీ వైర్లు ఉండవు, సిమ్ ట్రే స్థానంలో ఉత్త ప్లాస్టిక్ బిళ్ల ఉంటుంది. వైర్లు తర్వాత వేయించుకోవాలంటే స్క్రీన్ చట్రం దాకా విప్పాలి, ఆ కూలితో ఇంకో ల్యాప్‌టాప్ వెతుక్కోవచ్చు.

పాత థింక్‌ప్యాడ్‌లలో ఇంకో అడ్డుంది. బయోస్‌లోని జాబితాలో లేని కార్డు పెడితే 1802 అనే నంబరుతో అనధికార నెట్‌వర్క్ కార్డు ఉందని చెప్పి బూట్ అక్కడే ఆపేస్తుంది. ఆపరేటింగ్ సిస్టమ్ లేవకముందే ఆగుతుంది కాబట్టి లినక్స్‌లో చేయగలిగింది ఏమీ లేదు. అలాంటి మెషీన్‌కి ఆ కంపెనీ పార్ట్ నంబరు ఉన్న కార్డే తెచ్చుకోవాలి.

బిగించేటప్పుడు ముందు లోపలి బ్యాటరీని ఆపండి. థింక్‌ప్యాడ్ బయోస్‌లో కాన్ఫిగ్, పవర్ కింద డిసేబుల్ బిల్ట్-ఇన్ బ్యాటరీ అని ఉంటుంది. కార్డును కొంచెం ఏటవాలుగా దూర్చి, కిందికి వంచి, స్క్రూ బిగించాలి. ఆ పని అర నిమిషం. జాగ్రత్త పడాల్సింది యాంటెన్నా కనెక్టర్ల దగ్గరే. వైరు చివర ఉండే ఆ చిన్న గుండ్రటి టోపీ ఆవగింజ కన్నా కాస్త పెద్దది. దాన్ని కార్డు మీది బంగారు రంగు గుబ్బపై నిలువుగా, సరిగ్గా మధ్యలో పెట్టి, గోటితో కానీ ప్లాస్టిక్ పుల్లతో కానీ నొక్కాలి. సరిగా కూర్చుంటే వేలికి చిన్నగా టిక్ మని తెలుస్తుంది, తర్వాత వైరును మెల్లగా కదిపితే టోపీ గుండ్రంగా తిరుగుతుంది కానీ లేచిరాదు. పక్కకు వాలినట్టు ఉండగా బలంగా నొక్కితే అంచు నలిగిపోతుంది, మళ్లీ ఎన్నిసార్లు నొక్కినా నిలవదు. స్క్రూడ్రైవర్ మొనతో ఎప్పుడూ నొక్కకండి. థింక్‌ప్యాడ్‌లలో మామూలుగా ఎర్ర వైరు మెయిన్‌కి, నీలం ఆక్స్‌కి. కార్డు మీద అచ్చయిన గుర్తులు చూసి పెట్టండి.

సిమ్ విషయానికొస్తే, కొత్త సిమ్‌ను ముందు ఫోన్‌లో వేసి యాక్టివేషన్, వెరిఫికేషన్ అంతా పూర్తి చేయండి. అక్కడే సెక్యూరిటీ సెట్టింగ్స్‌లో సిమ్ పిన్ తీసేయండి. మైక్రో సిమ్ అడిగే పాత స్లాటులో నానో సిమ్‌ను ప్లాస్టిక్ చట్రంలో పెట్టి దూరుస్తుంటే, బయటికి లాగేటప్పుడు చట్రం పిన్నులను పట్టుకుని వంచేస్తుంది. వెనక ఒక సన్న టేపు ముక్క అంటించండి. బ్యాంకు ఓటీపీలు వచ్చే నంబరు సిమ్‌ను ఇందులో పెట్టకపోవడమే మంచిది. జియోలో కాల్స్, మెసేజ్‌లు నడిచేది ఐఎంఎస్ మీద, అంటే 4జీ డేటా లైను మీదే వాటిని నడిపే వ్యవస్థ మీద. ఈ డేటా కార్డుకి ఓటీపీ వస్తుందని నమ్ముకోలేం.

కెర్నల్‌కి కనబడిందా

యూఎస్‌బీ కార్డయితే ఎల్‌ఎస్‌యూఎస్‌బీ, పీసీఐఈ కార్డయితే ఎల్‌ఎస్‌పీసీఐ. లెనోవో ఈఎం7455 అయితే 1199:9079 అనే జంట కనబడాలి, ఎల్850 అయితే ఎల్‌ఎస్‌పీసీఐ -ఎన్‌ఎన్‌లో 8086:7360. ఏమీ కనబడకపోతే బయోస్‌లో వైర్‌లెస్ వ్యాన్ ఆపి ఉందేమో చూడండి. థింక్‌ప్యాడ్‌లలో అది సెక్యూరిటీ, ఐ/ఓ పోర్ట్ యాక్సెస్ కింద ఉంటుంది. అక్కడా సరిగానే ఉంటే కార్డు స్లాటులో పూర్తిగా దూరలేదని అర్థం.

కనబడ్డాక సుడో డీమెస్‌జీ కొట్టి అందులో సీడీసీ_ఎంబిమ్ లేదా క్యూఎంఐ_డబ్ల్యూవ్యాన్ అనే మాటలు, సీడీసీ-డబ్ల్యూడీఎం0 అనే పరికరం వచ్చాయో లేదో చూడండి. వచ్చాయంటే డ్రైవర్ పని అయిపోయింది. కొత్తగా ఏదీ కంపైల్ చేయక్కర్లేదు. ఎక్కడో దొరికిన డ్రైవర్ ప్యాకేజీ వేయమని ఎవరైనా చెబితే వినకండి.

మోడెమ్ మేనేజర్, ఆ తర్వాత తాళం

లినక్స్‌లో మోడెమ్‌ను నడిపే సర్వీసు పేరు మోడెమ్ మేనేజర్. డెబియన్, ఉబుంటుల్లో:

సుడో ఏపీటీ ఇన్‌స్టాల్ మోడెమ్‌మేనేజర్ లిబ్‌ఎంబిమ్-యుటిల్స్ లిబ్‌క్యూఎంఐ-యుటిల్స్

ఫెడోరాలో ప్యాకేజీ పేరులో రెండు ఎమ్‌లూ పెద్దవి. సర్వీసు పేరులో అన్ని చోట్లా అంతే. చివరి రెండు ప్యాకేజీలు చాలామంది వదిలేస్తారు. కార్డు రేడియోకు వేసిన తాళం (దాని సంగతి కింద వస్తుంది) తీసే స్క్రిప్టులు వాటిలోని ప్రోగ్రాములనే పిలుస్తాయి కాబట్టి అవి లేకపోతే స్క్రిప్టు చప్పుడు చేయకుండా విఫలమవుతుంది.

తర్వాత ఎంఎంసీఎల్ఐ -ఎల్, ఇక్కడ ఎల్ పెద్దది. మోడెమ్ పేరు రావాలి. సర్వీసు లేచిన వెంటనే కొడితే ఏమీ దొరకలేదంటుంది, ఒక అర నిమిషం ఆగండి. పేరు వచ్చాక:

ఎంఎంసీఎల్ఐ -ఎమ్ ఏనీ

ఇందులో స్టేట్ అన్న వరుస చదవండి. ఫెయిల్డ్, కారణం సిమ్-మిస్సింగ్ అని ఉంటే సిమ్ తిరగబడిందో, పిన్నులు తగలడం లేదో, ట్రే ఉత్త బిళ్లో. లాక్డ్ అంటే సిమ్ పిన్ అడుగుతోంది; ఎంఎంసీఎల్ఐ -ఐ 0 --పిన్=1234 అని మీ పిన్ ఇవ్వండి, మూడుసార్లు తప్పితే సిమ్ తెరిచే పీయూకే కోడ్ అడుగుతుంది. డిసేబుల్డ్ అని ఉండి, ఎనేబుల్ చేయబోతే ఇన్‌వాలిడ్ ట్రాన్సిషన్ అని తిప్పికొడుతుంటే, ఎక్కువమంది ఆగిపోయే చోటికి మీరూ వచ్చారన్నమాట.

దాని పేరు ఎఫ్‌సీసీ లాక్. ఫలానా ల్యాప్‌టాప్‌లో ఫలానా కార్డు పెట్టి అమెరికా రేడియో నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ దగ్గర అనుమతి తీసుకున్న తయారీదార్లు, కార్డు వేరే మెషీన్‌లో ప్రసారం చేయకుండా దాని రేడియోకు తాళం వేసి పంపుతారు. విండోస్‌లో వాళ్ల సాఫ్ట్‌వేర్ ప్రతిసారీ ఆ తాళం తీస్తుంది. మనం బెంగళూరులో ఉన్నా కార్డులో తాళం అదే. మోడెమ్ మేనేజర్ ఒకప్పుడు దాన్ని తనంతట తానే తీసేది, 1.18.4 నుంచి మానేసింది. స్క్రిప్టులు ఇస్తుంది, వాడాలో వద్దో మీరే తేల్చుకోవాలి.

ముందు ఇది నిజంగా తాళమేనా అని చూసుకోండి:

సుడో ఎంబిమ్‌సీఎల్ఐ -డి /డెవ్/సీడీసీ-డబ్ల్యూడీఎం0 -పి --క్వెరీ-రేడియో-స్టేట్

రెండు వరుసలు వస్తాయి. హార్డ్‌వేర్ రేడియో ఆఫ్ అని ఉంటే సమస్య బయోస్‌లోనో ఎయిర్‌ప్లేన్ మీటలోనో ఉంది. ఆర్ఎఫ్‌కిల్ లిస్ట్ చూసి, సుడో ఆర్ఎఫ్‌కిల్ అన్‌బ్లాక్ వ్యాన్ ఇవ్వండి. ఈ వ్యాన్‌కి ఇంగ్లీషులో రెండు డబ్ల్యూలు. హార్డ్‌వేర్ ఆన్, సాఫ్ట్‌వేర్ ఆఫ్ అని ఉండి, ఎనేబుల్ చేసినా మారకపోతే అది తాళమే.

స్క్రిప్టులు /యూఎస్ఆర్/షేర్/మోడెమ్‌మేనేజర్/ఎఫ్‌సీసీ-అన్‌లాక్.అవైలబుల్.డి అనే ఫోల్డర్లో ఉంటాయి; ఫోల్డర్ల పేర్లలోని మోడెమ్‌మేనేజర్‌లోనూ రెండు ఎమ్‌లూ పెద్దవి. ఫైళ్ల పేర్లే ఐడీలు, లెనోవో ఈఎం7455ది 1199:9079. మీ కార్డు ఐడీ ఉన్న ఫైలుకు /ఈటీసీ/మోడెమ్‌మేనేజర్/ఎఫ్‌సీసీ-అన్‌లాక్.డి ఫోల్డర్లో అదే పేరుతో ఎల్‌ఎన్ -ఎస్ వాడి లింకు పెట్టండి. ఫైలు రూట్‌దై ఉండాలి, వేరేవాళ్లకు రాసే అనుమతి ఉండకూడదు. లేకపోతే మోడెమ్ మేనేజర్ దాన్ని నడపదు. లింకు బదులు కాపీ చేసుకునేవాళ్లు దొరికిపోయేది ఇక్కడే. ఆ తర్వాత సుడో సిస్టమ్‌సీటీఎల్ రీస్టార్ట్ మోడెమ్‌మేనేజర్, మళ్లీ అర నిమిషం, మళ్లీ ఎంఎంసీఎల్ఐ -ఎమ్ ఏనీ --ఎనేబుల్. ఈసారి స్టేట్ రిజిస్టర్డ్ దాకా వెళ్లాలి, ఆపరేటర్ పేరు కనబడాలి.

సెర్చింగ్ దగ్గరే తిరుగుతుంటే యాంటెన్నా. ఎంఎంసీఎల్ఐ -ఎమ్ ఏనీ --సిగ్నల్-సెటప్=5 ఇచ్చి, కాసేపాగి --సిగ్నల్-గెట్ ఇస్తే ఆర్‌ఎస్‌ఆర్‌పీ, అంటే సిగ్నల్ బలం వస్తుంది. -85 అంటే బాగుంది, -105 పరవాలేదు, -115 దాటితే కిటికీ దగ్గరికి వెళ్లాలి. ఫోన్‌లో అదే ఆపరేటర్ -90 చూపిస్తున్న చోట ల్యాప్‌టాప్‌లో -120 వస్తే మూత తీసి ఆ టోపీలు మళ్లీ చూడండి.

కనెక్షన్

ఇక్కడి నుంచి తేలిక. జియోకి ఏపీఎన్ జియోనెట్, ఎయిర్‌టెల్‌కి ఎయిర్‌టెల్‌జీపీఆర్‌ఎస్.కామ్, బీఎస్‌ఎన్‌ఎల్‌కి బీఎస్‌ఎన్‌ఎల్‌నెట్. యూజర్ నేమ్, పాస్‌వర్డ్ ఖాళీ.

సుడో ఎన్‌ఎంసీఎల్ఐ సీ యాడ్ టైప్ జీఎస్‌ఎం ఇఫ్‌నేమ్ '*' కాన్-నేమ్ జియో ఏపీఎన్ జియోనెట్
సుడో ఎన్‌ఎంసీఎల్ఐ సీ అప్ జియో

గ్నోమ్ సెట్టింగ్స్‌లోని మొబైల్ నెట్‌వర్క్ పేజీలోనూ ఇదంతా చేయొచ్చు, ఎర్రర్లు మాత్రం అక్కడ సరిగా కనబడవు. జియో ఐపీవీ6 మీద ఎక్కువ నడుస్తుంది కాబట్టి కనెక్షన్‌లో ఐపీవీ6ను ఆపేయకండి. ఐపీవీ4 వైపు ఉన్నది ఆపరేటర్ నాట్ వెనకాల, అంటే చాలామందికి కలిపి ఒకే బయటి అడ్రసు. బయటి నుంచి ఈ ల్యాప్‌టాప్‌కి ఎస్‌ఎస్‌హెచ్ చేద్దామంటే ఆ దారిన కుదరదు.

కనెక్ట్ అయింది, నెట్ లేదు

మొదట రీచార్జి చూడండి. రోజువారీ డేటా అయిపోతే లైను తెగదు, వేగం 64 కేబీపీఎస్‌కి పడుతుంది. అంతా కనెక్టెడ్ అనే చూపిస్తుంది, పింగ్ వెళ్తుంది, పేజీ మాత్రం తెరుచుకోదు, అర్ధరాత్రి దాటాక దానంతటదే బాగైపోతుంది. స్నాప్ రిఫ్రెష్, ఫ్లాట్‌ప్యాక్ అప్‌డేట్, ఒక్క డాకర్ ఇమేజ్ చాలు 2 జీబీ తాగేయడానికి. ఎన్‌ఎంసీఎల్ఐ సీ మాడిఫై జియో కనెక్షన్.మీటర్డ్ యెస్ అని పెడితే మీటర్డ్ సంగతి పట్టించుకునే ప్రోగ్రాములు కొంత ఆగుతాయి. డాకర్ పట్టించుకోదు.

రెండోది దారి ప్రాధాన్యం. నెట్‌వర్క్ మేనేజర్‌లో వై-ఫైకి మెట్రిక్ 600, మోడెమ్‌కి 700. చిన్న అంకెకే ముందు పీట. అపార్ట్‌మెంట్‌లో రౌటర్ యూపీఎస్ మీద వెలుగుతూ, వీధిలో ఫైబర్ పెట్టెకి కరెంటు లేనప్పుడు, వై-ఫై కనెక్ట్ అయ్యే ఉంటుంది కాబట్టి ట్రాఫిక్ అంతా అటే పోయి ఆగుతుంది. కనెక్టివిటీ చెక్ ఆన్‌లో ఉంటే నెట్ లేని దారికి మెట్రిక్‌లో 20000 కలిపి దాన్ని వెనక్కి నెడుతుంది. మీ డిస్ట్రోలో అది లేకపోతే ఆ సమయంలో చేత్తో వై-ఫై ఆపేయడమే.

మూడోది అరుదు: పింగ్ వెళ్తుంది, చిన్న పేజీలు వస్తాయి, పెద్ద సైట్లు సగంలో వేలాడతాయి. పింగ్ -ఎమ్ డూ -ఎస్ 1372 అని కొట్టండి, ఇక్కడ ఎమ్ పెద్దది. అది వెళ్లి 1472 వెళ్లకపోతే కనెక్షన్‌లో జీఎస్‌ఎం.ఎంటీయూ, అంటే ఒక ప్యాకెట్ గరిష్ఠ సైజు, 1400 చేయండి. కారణం లేకుండా మాత్రం ఎంటీయూ జోలికి పోవద్దు.

బ్యాండ్ బిగించడం, నిద్ర లేపడం

ఈఎం7430 ఉన్నవాళ్లకు ఎంఎంసీఎల్ఐ -ఎమ్ ఏనీ --సెట్-కరెంట్-బ్యాండ్స్=యూట్రాన్-40 అని బిగిస్తే రద్దీ వేళ కొన్ని చోట్ల తేడా కనబడుతుంది. ఈ యూట్రాన్‌ని ఈ, యూ అక్షరాలతో మొదలుపెట్టాలి. ఆ సెట్టింగ్ కార్డులోనే నిలిచిపోవచ్చు, రీబూట్‌తో పోతుందని అనుకోవద్దు. 40 పట్నపు బ్యాండ్. హెబ్బాళ ఫ్లైఓవర్ దాటి అనంతపురం దారి పట్టాక పల్లెల్లో అందేది 850, 900, 700 లాంటి తక్కువ ఫ్రీక్వెన్సీలే. సెలవులకు ఊరెళ్లి సిగ్నల్ రావడం లేదని కార్డు విప్పే ముందు --సెట్-కరెంట్-బ్యాండ్స్=ఏనీ అని వదులు చేయండి.

మూత వేసి తెరిచాక మోడెమ్ మాయమైతే రెండు కారణాలు. టీఎల్‌పీ అనే బ్యాటరీ ఆదా ప్రోగ్రాము వాడుతుంటే దాని కాన్ఫిగ్‌లో యూఎస్‌బీ_ఎక్స్‌క్లూడ్_డబ్ల్యూవ్యాన్=1 పెట్టండి, అన్నీ పెద్ద అక్షరాల్లో. విద్యుత్ ఆదా కోసం అది యూఎస్‌బీ పరికరాలను నిద్రపుచ్చుతుంది, ఈ కార్డులు కొన్ని ఆ నిద్ర నుంచి సరిగా లేవవు. టీఎల్‌పీ లేకున్నా మాయమవుతుంటే, లేచాక కార్డు మళ్లీ తాళంతో మొదలైందేమో చూడండి. మోడెమ్ మేనేజర్‌ని రీస్టార్ట్ చేస్తే స్క్రిప్టు మళ్లీ నడిచి తాళం తీస్తుంది. ఆ ఒక్క కమాండ్‌ను సస్పెండ్ నుంచి లేచినప్పుడు నడిచే సిస్టమ్‌డీ యూనిట్‌గా రాసుకుంటే రోజూ చేత్తో కొట్టక్కర్లేదు.

ఓపెన్‌బీఎస్‌డీలో

ఇక్కడ మోడెమ్ మేనేజర్ లేదు, అవసరమూ లేదు. యూఎంబీ అనే డ్రైవర్ ఎంబిమ్ కార్డును నేరుగా నెట్‌వర్క్ ఇంటర్‌ఫేస్‌గా చూపిస్తుంది. ఈఎం7455 ఎఫ్‌సీసీ తాళాన్ని డ్రైవరే తీసేస్తుంది, స్క్రిప్టులు అక్కర్లేదు. లినక్స్ కన్నా ఈ ఒక్క విషయంలో హాయి. /ఈటీసీ/హోస్ట్‌నేమ్.యూఎంబీ0 ఫైలులో పిన్ ఉంటే పిన్ వరుస, ఏపీఎన్ జియోనెట్ అనే వరుస, అప్ అనే వరుస రాసి, మ్యాన్ యూఎంబీ పేజీలోని ఉదాహరణలో ఉన్న రూట్ వరుసను కూడా చేర్చండి. ఆ చివరిది మరిచిపోతే ఐపీ వస్తుంది, ప్యాకెట్లు మాత్రం ఎటూ పోవు. తర్వాత డూయాజ్ ఎస్‌హెచ్ /ఈటీసీ/నెట్‌స్టార్ట్ యూఎంబీ0. ఇఫ్‌కాన్ఫిగ్ యూఎంబీ0 కొడితే రిజిస్ట్రేషన్, సిగ్నల్, ఆపరేటర్ అన్నీ అక్కడే వరసగా వస్తాయి. ఎల్850-జీఎల్ పీసీఐఈ పద్ధతిలో ఉంటే మాత్రం ఈ డ్రైవర్‌కి కనబడదు, ఎందుకంటే యూఎంబీ చూసేది యూఎస్‌బీ పరికరాలనే.